జ్వరం తగ్గినా ఇంజెక్షన్లు ఎందుకు?

"తల ఆపరేషన్ బాగానే అయిందన్నారు. కుట్లు కూడా ఆరుతున్నవి. అంతలో జ్వరం వచ్చింది. వెన్నులో నీరు తీసి పరీక్ష చేసి, మెదడు పొరలకు చీము పట్టిందన్నారు. రోజుకు మూడుసార్లు సూది మందు ఎక్కిస్తున్నారు. అయిదో రోజుకు జ్వరం పోయింది. అయినా ఇంకా పది రోజులుండాలంటున్నారు. ఎందుకండీ?"

పెద్ద ఆస్పత్రుల వరండాలలో చాపలు పరచుకొని కూర్చున్న మన పల్లెవారి నోట ఇట్టి మాటలు తరచుగా వినబడుతుంటవి. ఆ మాటల వెనుక లెక్క ఉన్నది. ఇంటి దగ్గర పాడిగేదె, కోతకు వచ్చిన చేను, బంధువుల ఇంట వదలివచ్చిన పిల్లలు, వడ్డీకి తెచ్చిన డబ్బు. జ్వరం పోయిన మనిషిని ఆస్పత్రిలో ఎందుకు ఉంచాలని అడగడం న్యాయమే. అయితే దానికి తీరికగా జవాబు చెప్పే సమయం వార్డులో డాక్టరుగారికి ఎప్పుడూ దొరకదు. ఆ జవాబు తెలియకనే కొందరు "మా ఇష్టం మీద తీసుకుపోతున్నాము" అని సంతకం చేసి, సగం వైద్యంతో రోగిని ఇంటికి చేరుస్తారు. అట్లా వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చేసరికి స్పృహలో ఉండరు. కనుక ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవలసి యున్నది.

పుర్రె ఎముకకు లోపల మెదడును చుట్టి మూడు పొరలుంటవి. పైపొర తోలువలె గట్టిది. నడిమి పొర సాలెగూడువలె పలుచనిది. లోపలి పొర మెదడును అంటిపెట్టుకొని యుంటుంది. నడిమి పొరకు లోపలి పొరకు మధ్య తేటనీరువంటి ద్రవం ఉన్నది. పెద్దవారిలో అది ఒక్కసారి కొలిస్తే సుమారు 150 మిల్లీ లీటర్లు, అనగా ఒక చిన్న గ్లాసుడు. అయితే శరీరం రోజుకు దాదాపు అర లీటరు తయారు చేస్తుంది గనుక పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటుంది. అదే నీరు వెన్నుపాము చుట్టూ కూడా దిగుతుంది. ఈ పొరలకు, ఈ నీటికి క్రిములు సోకడమే మెనింజైటిస్. మన ఊళ్లలో మెదడువాపు అని పిలిచే జబ్బులలో దోమకాటువలన పిల్లలకు వచ్చేది ఒకటున్నది. అది వైరస్ వలన వచ్చే వేరే జబ్బు. ఇక్కడ చెప్పుకొనేది తల ఆపరేషన్ తరువాత బాక్టీరియా వలన వచ్చేది.

మామూలుగా ఎముక, పొరలు, చర్మం మూడు కోటగోడలవలె ఆ నీటిని కాపాడుతవి. కణితి తీయుటకో, గడ్డకట్టిన రక్తం తీయుటకో, ప్రమాదంలో విరిగిన పుర్రె సరిచేయుటకో ఆ గోడలను తెరవక తప్పదు. ఎంత శుభ్రంగా చేసినా ఆ తెరచిన దారిన క్రిమి దూరే అవకాశం కొంత మిగులుతుంది. మంచి వసతులున్న చోట పుర్రె తెరచి చేసే ఆపరేషన్లలో నూటికి ఒకరిద్దరికి ఇట్లా జరుగుతుంది. మెదడులోని నీటిని బయటకు తీసే గొట్టం అమర్చినవారిలో ఇది అంతకంటె ఎక్కువ. కుట్లనుండి గాని, ముక్కునుండి గాని, చెవినుండి గాని మెదడు నీరు కారుతూ ఉంటే అపాయం మరీ ఎక్కువ. నీరు బయటకు వచ్చే సందునే క్రిమి లోపలికి పోతుంది గదా.

మందు చేరని చోటు

1942 ఆగస్టు నెలలో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఒక రోగి చావుబ్రతుకులలో ఉన్నాడు. ఆయనకు మెదడు పొరలలో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి చేరింది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఆ ఆస్పత్రిలోనే పనిచేసేవాడు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా దుకాణాలలో దొరికే మందు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో దానిని శుద్ధి చేస్తున్న హోవర్డ్ ఫ్లోరీని అడిగి తెప్పించుకొని కండరానికి సూది వేయసాగాడు. రోగి కొంత తేరుకున్నాడు గాని జబ్బు పూర్తిగా లొంగలేదు. అప్పుడు ఫ్లెమింగ్ వెన్నునుండి నీరు తీసి చూస్తే, రక్తంలో ఉన్న మందు ఆ నీటిలో దాదాపు లేనే లేదు. చివరకు వెన్నులోనికే సూది గుచ్చి పెన్సిలిన్ ఎక్కించాడు. ఆ మనిషి బ్రతికాడు.

మరుసటి సంవత్సరం, 1943లో, ఆక్స్‌ఫర్డ్ మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్, ఫ్లోరీ కలిసి ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగానికి వెళ్లి, గాయపడిన సైనికులకు పెన్సిలిన్ ఇచ్చి చూశారు. వారిలో తలగాయాలవారు కూడా ఉన్నారు. (మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్టు ఉండాలని ఆ రోజులలోనే లెక్కలతో వాదించినది కూడా ఈ కెయిర్న్స్ గారే. తల పగలకుండా చూచుకొనడం ఆపరేషన్‌కంటె చౌక.) మన తెలుగు కుటుంబాలకు ఎంతో తెలిసిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జేకబ్ చాండీ 1949లో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ఆరంభించే నాటికి పెన్సిలిన్ చేతికి వచ్చియున్నది. అంతకు ముందు తరం సర్జన్లకు ఆపరేషన్ తరువాతి మెనింజైటిస్ అంటే చాలావరకు చేతులు ముడుచుకొని చూడవలసినదే.

ఫ్లెమింగ్ చూచిన ఆ సంగతిలోనే మన ప్రశ్నకు జవాబున్నది. రక్తానికి, మెదడు నీటికి నడుమ ఒక కట్ట ఉంటుంది. రక్తంలో తిరిగే ప్రతి పదార్థాన్ని అది లోపలికి పోనివ్వదు. విషాలనుండి మెదడును కాపాడే ఏర్పాటు అది. అయితే మందులను కూడా అది ఆపుతుంది. నరంలోనికి ఎక్కించిన మందులో స్వల్పభాగమే అవతలికి చేరుతుంది. అందుకే నిమోనియాకు సరిపోయే మోతాదు ఇక్కడ చాలదు. ఉదాహరణకు మెరోపెనెం అనే మందును ఇతర జబ్బులలో తరచుగా ఒక గ్రాము చొప్పున ఇస్తారు. మెనింజైటిస్‌లో పెద్దవారికి ఎనిమిది గంటలకొకసారి రెండేసి గ్రాములు, అనగా రోజుకు ఆరు గ్రాములు. "డబ్బు లేదు, సగం వేయండి" అనడం పొలంలో సగం మడికి మాత్రమే నీరు పెట్టినట్టు కాదు. సగం మోతాదుతో మందు ఆ నీటిలో క్రిమిని చంపే స్థాయికి చేరకపోవచ్చు. అప్పుడు ఖర్చుపెట్టిన సగం కూడా వృథాయే.

ఇంకొక విచిత్రం ఉన్నది. పొరలు వాచి ఎర్రబడినప్పుడు ఆ కట్ట కొంత సడలి, మందు కాస్త ఎక్కువగా లోపలికి దిగుతుంది. వైద్యం పనిచేసి వాపు తగ్గేకొద్దీ కట్ట మళ్లీ బిగుసుకుంటుంది. అంటే రోగి తేరుకొనేకొద్దీ మందు లోపలికి చేరడం కష్టమవుతుంది. జ్వరం పోయిన రోజున క్రిములన్నీ చచ్చినవని అనుకోరాదు. పైగా ఆ నీటిలో మన శరీరపు కాపలాదారులైన తెల్లకణాలు, ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నన్ని ఉండవు. మిగిలిన క్రిములను శరీరమే చూచుకుంటుందిలే అని ఇక్కడ వదలిపెట్టడానికి లేదు. మందే ఆఖరు దాకా చంపాలి. అందుకే మోతాదు తగ్గించరు, త్వరపడి మాత్రలకు మార్చరు. లినజోలిడ్ వంటి ఒకటి రెండు మందులు నోటిద్వారా ఇచ్చినా మెదడు నీటిలోనికి బాగా చేరుతవి గాని, వాటిని ఎప్పుడు వాడవచ్చునో క్రిమి పేరు తెలిసిన డాక్టరే నిర్ణయించాలి.

ఏ మందు, ఎన్ని రోజులు

ఆపరేషన్ లేకుండా ఊరిలో మామూలుగా వచ్చే మెనింజైటిస్‌కు సెఫ్‌ట్రయాక్సోన్ ముఖ్యమైన మందు. ఆపరేషన్ తరువాత వచ్చేదానికి అది సాధారణంగా సరిపోదు. క్రిములు వేరు గనుక. ఇక్కడ కనబడేవి ఒకవైపు చర్మంమీద ఉండే స్టెఫైలోకాకస్ జాతి, మరొకవైపు ఆస్పత్రులలో మొండిదేరిన అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటివి. మన దేశపు ఆస్పత్రులలో ఈ రెండవ గుంపు బెడద ఎక్కువ. ఏది చేరినదో మొదటి రోజున తెలియదు గనుక రెండువైపులా గురిపెట్టి రెండు మందులు మొదలుపెడతారు. సాధారణంగా వాంకోమైసిన్ ఒకటి, దానితో మెరోపెనెం గాని సెఫెపిమ్ గాని సెఫ్టజిడిమ్ గాని. ల్యాబులో క్రిమి పెరిగి దాని పేరు, దానికి లొంగే మందు తెలియగానే అనవసరమైనదానిని ఆపివేస్తారు.

వాంకోమైసిన్ వెనుక మన చదువరులకు నచ్చే ఒక కథ ఉన్నది. 1950ల తొలినాళ్లలో బోర్నియో ద్వీపపు అడవులలో పనిచేస్తున్న ఒక మిషనరీ అక్కడి మట్టిని పొట్లం కట్టి, అమెరికాలో ఎలై లిల్లీ మందుల కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడైన తన మిత్రునికి పంపాడు. ఆ మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన మందే ఇది. 1958లో అమెరికాలో వాడుకకు అనుమతి వచ్చింది. తొలినాళ్లలో శుద్ధి చాలక గోధుమరంగులో ఉండేది గనుక అక్కడివారు దానిని మిసిసిపీ బురద అని ఎగతాళి చేసేవారు. ఆ బురదే ఇప్పటికీ ప్రాణాలు నిలుపుతున్నది.

ఈ మందును కనీసం గంటసేపు మెల్లగా ఎక్కించాలి. రోగి ప్రక్కన కూర్చున్నవారు సీసా త్వరగా అయిపోవాలని చక్రం తిప్పి వేగం పెంచడం చాలాచోట్ల చూస్తాము. వాంకోమైసిన్ వేగంగా పోతే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. చక్రం జోలికి పోవద్దు. మూత్రపిండాలకు దెబ్బ తగులుతుందేమోనని మధ్యమధ్య రక్తం తీస్తారు. "ఇంత రక్తం ఎందుకు తీస్తున్నారు" అని ఆపవద్దు.

మెరోపెనెం విషయంలో కూడా ఒక జాగ్రత్త. తల ఆపరేషన్ అయినవారు చాలమంది మూర్ఛకు మాత్రలు వాడుతుంటారు. వాటిలో సోడియం వాల్‌ప్రోయేట్ అనేది ఉంటే, మెరోపెనెం దాని మోతాదును రక్తంలో బాగా తగ్గించివేస్తుంది. ఫిట్లు తిరిగి వచ్చే ప్రమాదం ఉన్నది. ఇంటినుండి తెచ్చిన మాత్రలను దిండు క్రింద దాచక, వాటి అట్టలన్నీ డాక్టరుకు చూపవలెను.

నరంద్వారా ఇచ్చే మందుకు క్రిమి లొంగకపోతే, ఫ్లెమింగ్ చేసినట్టే నేరుగా ఆ నీటిలోనికే మందు వేస్తారు. తలలో ముందే గొట్టం ఉంటే దానిద్వారా మెదడు గదిలోనికి వేసి, మందు వెంటనే బయటకు కారిపోకుండా కొంతసేపు గొట్టాన్ని మూసి ఉంచుతారు. ఆ సమయంలో రోగిని లేపడం, మంచం ఎత్తు మార్చడం, గొట్టం బిరడా తిప్పడం బంధువులు చేయరాదు. మొండి క్రిములకు ఇట్లా వేసే మందులలో కొలిస్టిన్ ఒకటి. మూత్రపిండాలను పాడుచేస్తుందని ఒకప్పుడు దాదాపు మూలనపెట్టిన పాత మందు అది. క్రొత్త మందులు ఓడిపోతున్నందున తిరిగి బయటకు తీశారు. అది కూడా ఓడిపోతే ఆ తరువాత పెద్దగా ఏమీ లేదు. జలుబుకు, విరేచనాలకు యాంటీబయాటిక్ సూదులు అడిగి వేయించుకొనే మన అలవాటుకు, ఈ స్థితికి సంబంధం ఉన్నది.

ఇక రోజుల లెక్క. చాలావరకు 10నుండి 14 రోజులు. అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి క్రిములైతే కొందరు డాక్టర్లు 21 రోజుల దాకా ఇస్తారు. వైద్యం మొదలుపెట్టిన తరువాత కూడా నీటిలో క్రిమి పెరుగుతూనే ఉంటే, మొదటి సూది వేసిన రోజునుండి లెక్కించరు. చివరిసారి క్రిమి కనబడిన రోజునుండి 10 లేక 14 రోజులు లెక్క. "నిన్న పది రోజులన్నారు, ఈ రోజు ఇంకో పది అంటున్నారు" అని మనవారు అనుమానపడేది ఇక్కడే. ఆస్పత్రివారు బిల్లు పెంచుతున్నారేమోనని ప్రతిసారీ అనుకోవలసిన పని లేదు. "చివరి కల్చర్‌లో క్రిమి పెరిగిందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీకు అర్థమవుతుంది.

దీనికి తిరుగుముఖం కూడా ఉన్నది. మెదడు వెనుక భాగంలో ఆపరేషన్ జరిగినప్పుడు నీటిలో కలిసిన రక్తంవలన పొరలు మండి, క్రిమి లేకుండానే జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకొనడం వస్తవి. మొదట రెండింటికీ తేడా తెలియదు గనుక మందు మొదలుపెడతారు. మూడు రోజులైనా కల్చర్‌లో ఏమీ పెరగకపోయి, రోగి నిలకడగా ఉంటే డాక్టర్లు మందు ఆపివేయవచ్చు. "పక్క మంచం అతనికి పద్నాలుగు రోజులు వేశారు, మాకు మూడు రోజులకే ఆపారు" అని తగవు పెట్టుకోవద్దు. ఆపడం కూడా వైద్యమే.

వెన్నులో సూది గురించి

"వెన్నులో నీరు తీస్తే నడుము పడిపోతుంది, కాళ్లు చచ్చుబడతవి" అనే భయం మన పల్లెలలో బలంగా ఉన్నది. పరీక్షకు ఒప్పుకోక, "సూది వేయకుండా మందు ఇవ్వండి" అని బ్రతిమాలతారు. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసల దగ్గరే ముగుస్తుంది. సూది గుచ్చేది అంతకు క్రింద, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు అయిదు పూసల మధ్యనో. అక్కడ ఉన్నది నీరు, అందులో తేలే నరాల పోచలు. ఆ తరువాత ఒకటి రెండు రోజులు తలనొప్పి ఉండవచ్చు. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఈ పరీక్ష అపాయకరం. అందుకే ఆపరేషన్ అయినవారికి ముందు సి.టి. స్కాన్ తీసి చూచుకుంటారు. ఈ నీరు లేకుండా మందు వేయడమంటే చీకటిలో రాయి విసరడమే.

ఆ నీరు తీయకముందే యాంటీబయాటిక్ లోపలికి పోతే క్రిమి ల్యాబులో పెరగకపోవచ్చు. అది ఇంకా లోపలే ఉంటుంది గాని పేరు చెప్పదు. ఇంటికి వచ్చిన తరువాత జ్వరం వస్తే ఊరి ఆర్.ఎం.పి. గారిచేత రెండు సూదులు వేయించి, తగ్గకపోతే అప్పుడు పట్నం పోదామనుకొనడంవలన జరిగే నష్టం ఇదే. మనలో ఎందరికో అర్ధరాత్రి ఆదుకొనేవారు ఆ ఆర్.ఎం.పి. గారే, కాదనలేము. అయితే తల ఆపరేషన్ అయినవారి జ్వరం ఆయన చేతిలోనిది కాదు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లవలెను. అది దూరమైతే కనీసం ఫోను చేసి, వారు చెప్పిన పెద్ద ఆస్పత్రికి పోవలెను.

దేనికి భయపడాలి? జ్వరం, తగ్గని తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మెడ వంచలేకపోవడం, మత్తుగా పడియుండడం, సంబంధం లేని మాటలు, ఫిట్లు. ఆపరేషన్ తరువాతి జబ్బులో మెడ బిగుసుకొనడం ఒక్కోసారి ఉండదు. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఈ రోజు లేపితేగాని లేవడం లేదంటే అది చాలు. ప్రొద్దున దిండుమీద తడి మరక, వంగినప్పుడు ఒక ముక్కురంధ్రం నుండి నీటి బొట్లు, గొంతులో ఉప్పగా దిగే నీరు, ఇవి జలుబు కాకపోవచ్చు. ముక్కు గట్టిగా చీదవద్దు. చెవిలో దూది కుక్కవద్దు.

తలలో నీరు చేరిన పిల్లలకు తలనుండి కడుపులోనికి షంట్ అనే గొట్టం వేస్తారు. దానికి క్రిమి పట్టినది చాలావరకు మొదటి కొద్ది నెలలలోనే బయటపడుతుంది. పిల్లవాడు చిరాకుగా ఏడవడం, పాలు త్రాగకపోవడం, కడుపునొప్పి, గొట్టం వెంబడి చర్మం ఎర్రబడడం చూస్తే ఆలస్యం చేయరాదు. క్రిమి గొట్టాన్ని జిగురులా పట్టుకొని యుంటుంది గనుక ఒట్టి మందులతో చాలవరకు పోదు. ఆ గొట్టం తీసివేసి, తాత్కాలికంగా బయటి గొట్టం పెట్టి, నీరు శుభ్రమైన తరువాత క్రొత్తది వేస్తారు. తల్లికి ఇది రెండుమూడు ఆపరేషన్ల బాధ. ముందుగానే ఎవరైనా చెప్పియుంచితే ఆమె కొంతైనా తట్టుకోగలదు.

ఆపరేషన్‌కు ముందు చేయదగినవి కూడా ఉన్నవి. ఇంటి దగ్గరే మంగలిచేత కత్తితో గుండు గీయించి తీసుకురావద్దు. కత్తివలన కంటికి కనబడని గాట్లు పడి క్రిములకు చోటిస్తవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనలలో వెంట్రుకలు తీయకపోవడమే మంచిదని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో మాత్రమే కత్తిరించాలని చెప్పింది. కోత పెట్టబోయే ముందు గంటలోపల ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇస్తారు. అది గాయానికి కాపలా. ఆపరేషన్ తరువాత దానిని రోజుల తరబడి పొడిగించినంత మాత్రాన రక్షణ పెరగదు, క్రిములు మొండిదేరుతవి.

ఇక చూడవచ్చేవారి సంగతి. మన సంఘాలలో ఎవరైనా ఆస్పత్రి పాలైతే పదిమంది జీపు కట్టించుకొని వెళ్లడం మంచి అలవాటే. లోనికి మాత్రం ఒకరిద్దరు వెళ్లండి. మంచం తాకకముందు, తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనండి. రోగికి నూనె రాసి ప్రార్థించేవారున్నారు. కుట్లమీద, కట్టుమీద, గొట్టం చుట్టూ నూనె రాయవద్దు. చేతిమీద రాయవచ్చు. ఇంటికి వచ్చిన తరువాత పసుపు, ఆకుపసరు పెట్టే పెద్దమ్మలకు కూడా ఇదే మనవి.

ఖర్చు మాట దాటవేయలేము. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేరు తరువాత ఎన్ని మార్పులు చెందినా, రెండు తెలుగు రాష్ట్రాలలోను మెదడు ఆపరేషన్లకు దానివలన ఎందరికో ఆధారం దొరికింది. అయితే ఆపరేషన్ తరువాత ఇట్టి జబ్బు వచ్చి ఆస్పత్రిలో రోజులు పెరిగితే ఏది పథకంలో వస్తుందో, ఏది రాదో మొదటి రోజుననే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను, లేక వైద్యమిత్రను అడగండి. పదో రోజున చేతిలో డబ్బు అయిపోయిన తరువాత అడిగితే, మిగిలేది సంతకం చేసి ఇంటికి తీసుకుపోవడమే. సంఘంలో చందా వేసి సహాయం చేయదలచినవారు ఆపరేషన్ రోజున అంతా ఇచ్చివేయక, కొంత రెండవ వారానికి దాచియుంచితే రోగికి ఎక్కువ మేలు.

ఆస్పత్రినుండి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో దొరికిన క్రిమి పేరు, దానికి పనిచేసిన మందు, ఎన్ని రోజులు ఇచ్చారో, చివరి కల్చర్ ఏ తేదీన శుభ్రంగా వచ్చిందో వ్రాసి ఉన్నవో లేదో చూచుకొనండి. వ్రాయకపోతే వ్రాయించుకొనండి. వినికిడి తగ్గిందేమో పరీక్ష చేయించమని అడగండి, పిల్లలకైతే తప్పక. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రేషన్ కార్డు ఉంచే చోటనే ఉంచండి. రాత్రివేళ ఆటో ఎక్కవలసివస్తే ఇంట్లో ఎవరికైనా వెంటనే దొరకాలి.